ముందు మన రిజిస్టర్లు కలవాలి

డిసెంబరు రాగానే కడపలోనైనా, కర్నూల్లోనైనా, అనంతపురంలోనైనా ‘ఐక్య క్రిస్మస్’ ఫ్లెక్సీలు లేస్తాయి. సిఎస్ఐ (దక్షిణ భారత సంఘం) అయ్యగారు, బాప్టిస్టు పాస్టరు, పెంతెకొస్తు దైవజనుడు, ఒక్కోసారి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఫాదరు కూడా ఒకే వరుసలో కూర్చుంటారు. ఎమ్మెల్యే వచ్చి కేకు కోస్తాడు. ‘డినామినేషన్లు మనుషులు పెట్టుకున్నవి, క్రీస్తులో మనమంతా ఒక్కటే’ అని ఎవరో ఒకరు మైకులో అనందే సభ ముగియదు. జనం హల్లెలూయ అంటారు, బిరియానీ తిని ఇళ్లకు పోతారు.

సంక్రాంతి దాటి పెళ్లి మాటలు మొదలయ్యేసరికి అదే వరుసలో కూర్చున్న ఒక పాస్టరు, పక్క కుర్చీ ఆయన సంఘంలోని అమ్మాయి గురించి ఏమంటాడో వినండి: ‘ఆ పాపది చిన్నప్పుడు చిలకరించిన నీళ్లే కదమ్మా, అది బాప్తిస్మం కాదు. మా దగ్గర మునిగితేనే పెళ్లి జరిపిస్తాం.’ మైకులో చెప్పిన ‘ఒక్కటే’కి, ఆఫీసు గదిలో చెప్పిన ‘కాదు’కి మధ్య నెల రోజులు కూడా ఉండవు.

సంఘాలు విలీనం కావాలని నేను అడగడం లేదు. వేదికల మీద ఐక్యత చాలించి కొన్నాళ్లు రిజిస్టర్ల మీద పని చేయమంటున్నాను. బాప్తిస్మం రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. ఒకరి పుస్తకంలో రాసినదాన్ని ఇంకొకరు నమ్మి తీసుకోగలిగిన రోజు ఐక్యత అన్న మాటకు బరువు వస్తుంది. అంతవరకు అది కేకు మీద రాసిన రాతే.

తాలూకాను బట్టి వచ్చిన సిద్ధాంతం

మన ప్రాంతంలో చాలామందికి సంఘం సిద్ధాంతాన్ని బట్టి రాలేదు, తాత పుట్టిన తాలూకాను బట్టి వచ్చింది. కడపలో లండన్ మిషన్ (ఎల్ఎంఎస్) 1822లో పని మొదలుపెట్టింది. గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం అంతా క్రమంగా ఆ మిషన్ కిందికి వచ్చాయి. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఆ కాలపు గుర్తు. కొంచెం పక్కకు, ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల వైపు వెళితే ఎస్‌పీజీ, అంటే ఇంగ్లండు సంఘానికి చెందిన ఆంగ్లికన్ మిషన్. కర్నూలు పట్నంలో అమెరికన్ బాప్టిస్టులు; కోల్స్ పేరు మీద నడిచే విద్యాసంస్థలు వాళ్లు పెట్టినవే. ఒకరి పొలంలో ఇంకొకరు విత్తకూడదని ప్రొటెస్టెంటు మిషన్లు తమలో తాము ఒప్పందం చేసుకుని ప్రాంతాలు పంచుకున్నాయి. ఆ హద్దుకు ఇటు పుడితే శిశు బాప్తిస్మం, అటు పుడితే పెద్దయ్యాక నీళ్లలో ముంచుడు.

లండన్ మిషన్ పుట్టుకలోనే ఒక విశేషం ఉంది. 1795లో ఏర్పడిన ఆ సొసైటీ, ఏ ఒక్క సంఘ పద్ధతినీ బయటి దేశాలకు మోసుకుపోకూడదని మొదట్లోనే మూలసూత్రంగా పెట్టుకుంది. ఎలాంటి సంఘంగా ఉండాలో నమ్మినవాళ్లే తేల్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. అలాంటి మిషన్ వారసులు ‘మాది ఎల్ఎంఎస్ సంఘం’ అని గీత గీసుకోవడం విచిత్రమే.

దీనికి గట్టి ఎదురుమాట ఒకటుంది. పాత మిషన్ సంఘాలకు సంబంధించినంతవరకు ఈ లెక్క నిజమే కావచ్చు, కానీ గత యాభై అరవై ఏళ్లలో పెంతెకొస్తుకో, బఖ్త్ సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసానికో, పేటలోని స్వతంత్ర మందిరానికో వెళ్లినవాళ్లు తాలూకాను బట్టి వెళ్లలేదు. జబ్బు చేసినప్పుడు ఎవరు ఇంటికొచ్చి ప్రార్థన చేశారో అక్కడికి వెళ్లారు. బైబిలు చేతికిచ్చి చదవమన్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. పాత సంఘంలో అయ్యగారు మూడు నెలలకొకసారి వచ్చి రొట్టె ద్రాక్షారసాల సంస్కారం ఇచ్చి, చందా పుస్తకం చూసుకుని పోతుంటే, ఆ వెళ్లినవాళ్లను ‘గొర్రెల దొంగల వెంట పోయారు’ అనడం అన్యాయం. వాళ్లది ఎంచుకున్న విశ్వాసం. కాబట్టి ‘మీ తేడాలన్నీ తెల్లవాళ్లు తెచ్చినవి, వదిలేయండి’ అన్న సులువైన వాదం సగం మందికే వర్తిస్తుంది.

నంద్యాల ఏం నేర్పింది

ఐక్యత గురించి రాయలసీమలో మాట్లాడేవాళ్లు నంద్యాలను దాటేసి పోకూడదు.

ఆంగ్లికన్లు, మరికొన్ని ప్రొటెస్టెంటు సంఘాలు ఒక్కటి కావడానికి 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన చర్చలు 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్లో సిఎస్ఐ ఏర్పాటుతో ముగిశాయి. 28 ఏళ్లు. ఆ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడైన దోర్నకల్ బిషప్పు అజరయ్య ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. అన్నేళ్లు పట్టింది దేవుడి గురించిన వాదనతో కాదు. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా లేదా, ముఖ్యంగా ఈ ఒక్క ప్రశ్నతో. చివరికి తేల్చిన పద్ధతి తెలివైనది: ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరుగుతాయి, ఇప్పటికే ఉన్న పాస్టర్లకు తిరిగి అభిషేకం అక్కర్లేదు, ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి ఒప్పని ఆరాధన పద్ధతినీ, ఒప్పని సేవకుణ్ణీ రుద్దరు.

అయినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టూ అంతా సిఎస్ఐ అయిపోయినా వాళ్లు పాత ఆంగ్లికన్ సంఘంలోనే నిలబడ్డారు. సిఎస్ఐలో కలిసింది డెబ్బైల దశకంలోనే. అదే నంద్యాల డయాసిస్‌కు (బిషప్పు పరిధికి) 2013లో పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు. సిఎస్ఐలో మొదటి మహిళా బిషప్పు ఆవిడే. బిషప్పు పదవి పలచబడిపోతుందేమో అన్న భయంతో బయట నిలబడ్డ ప్రాంతం, ఆ పదవిలో ఎవరూ చేయని మార్పుకు మొదటి గడప అయింది.

నంద్యాల వాళ్లను మొండివాళ్లని తిట్టే రాతలు ఉన్నాయి. నాకు మాత్రం ఆ పాతికేళ్ల ఆలస్యంలో తప్పేమీ కనిపించదు. వాళ్లు వేచి ఉన్నారు. తొందరపెట్టి ఉంటే ఈ రోజుకీ కోర్టులోనే ఉండేవాళ్లు. విలీనం జరిగినంత మాత్రాన గొడవలు పోవన్నదీ సిఎస్ఐ చరిత్రలోనే ఉంది. ఆస్తులన్నీ ఒక్క ట్రస్ట్ అసోసియేషన్ పేరన చేరాక, బిషప్పు ఎన్నికకు విలువ పెరిగింది, దాంతో పాటు వ్యాజ్యాలూ పెరిగాయి. స్వతంత్ర సంఘాల్లో ఇంకో రకం చిక్కు: చాలాచోట్ల మందిరం స్థలం పాస్టరు పేరనే ఉంటుంది, ఆయన తర్వాత కొడుకు పేరన. వీళ్లిద్దరినీ ఒక్క సంస్థ చేయాలనుకోవడం వృథా. అందుకే రిజిస్టర్ల నుంచి మొదలుపెట్టమంటున్నాను. అందులో ఎవరి స్థలమూ పోదు, ఎవరి కుర్చీ కదలదు.

పెళ్లి కోసం ముంచడం

అసలు ముడి బాప్తిస్మం దగ్గరే ఉంది. ఇక్కడ రెండు పక్షాలకూ నిజాయితీ గల వాదం ఉంది. శిశువుకు బాప్తిస్మం ఇచ్చేవాళ్లు, దేవుడి కృప మన తెలివి కన్నా ముందే వస్తుందంటారు. ముంచేవాళ్లు, నమ్మి నోటితో ఒప్పుకోనివాడికి బాప్తిస్మం ఏమిటంటారు. రెండో పక్షం దృష్టిలో తాము ఇచ్చేది ‘మళ్లీ’ బాప్తిస్మం కాదు, అదే మొదటిది. ‘తిరిగి బాప్తిస్మం ఇస్తున్నారు’ అని వాళ్ల మీద కోప్పడితే సమస్య తీరదు, ఎందుకంటే వాళ్లు చేస్తున్నది అది కాదని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు.

ఈ రెండూ ఒక కప్పు కింద ఉండలేవా అంటే, ఉన్నాయి. 1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర భారత సంఘంలో ఆంగ్లికన్లతో పాటు బాప్టిస్టులూ చేరారు. అక్కడ శిశు బాప్తిస్మమూ చెల్లుతుంది. బిడ్డను దీవించి, పెద్దయ్యాక విశ్వాసం ఒప్పుకున్నప్పుడు బాప్తిస్మం ఇవ్వడమూ చెల్లుతుంది. తర్వాత 1982లో లిమాలో ప్రపంచ సంఘాల ప్రతినిధులు ఒప్పుకున్న పత్రం కూడా, తిరిగి బాప్తిస్మం ఇచ్చినట్టు కనిపించే పని ఏదీ చేయవద్దని కోరింది. బాప్తిస్మాన్ని, ఆ తర్వాత వ్యక్తి నోటితో ఇచ్చే ఒప్పుకోలును విడదీయకుండా కలిపి చూడమనడం ఈ ఆలోచనలన్నిటి సారం. శిశువుగా నీళ్లు పోయించుకుని, పదహారేళ్లకు కన్ఫర్మేషన్‌లో సంఘం ముందు నిలబడి నమ్ముతున్నానని చెప్పిన అమ్మాయిలో ఈ రెండూ ఉన్నాయి కదా. ముందూ వెనకా అయ్యాయి, అంతే.

ఇది ఒప్పుకోలేని బాప్టిస్టు పాస్టరు ఉంటాడు. ఉండనీయండి. ఆయన్ను నేను అడిగేది ఒక్కటే: పెళ్లిని గడువుగా పెట్టకండి. పెళ్లికి వారం ముందు కేసీ కెనాల్లోనో, మందిరం వెనక తొట్టిలోనో మునిగిన పిల్ల విశ్వాసం ఒప్పుకుందా, శుభలేఖలు పంచేశారు కాబట్టి ఒప్పుకుందా? శిశు బాప్తిస్మంలో మీరు చూసే లోపం, నిర్ణయం ఇంకొకరు చేశారన్నదే కదా. పెళ్లి షరతుగా ముంచినప్పుడు నిర్ణయం చేసింది అత్తగారు. బాప్టిస్టు సిద్ధాంతాన్ని బాప్టిస్టులే ఇంతకన్నా ఎక్కువగా అవమానించే పద్ధతి ఇంకొకటి లేదు. పెళ్లి జరిపించండి, ఏడాది రెండేళ్లు సంఘంలో కూర్చోనివ్వండి, ఆమెకే అడగాలనిపిస్తే అప్పుడు మాట్లాడండి.

కతోలికుల దగ్గర నియమం జనం అనుకునే దానికన్నా మెత్తన. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున ఇచ్చిన బాప్తిస్మాన్ని, ఇచ్చినది సిఎస్ఐ అయినా బాప్టిస్టు అయినా, వాళ్లు ఒప్పుకుంటారు. అది నిజంగా జరిగిందా, సరిగ్గా జరిగిందా అని గట్టి అనుమానం ఉంటేనే, ‘ఇంతకుముందు పొంది ఉండకపోతే’ అన్న షరతుతో జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇస్తారు. ఈ అనుమానం ఎక్కడ పుడుతుందంటే కాగితం దగ్గర. లెటర్‌హెడ్ మీద ‘ఫలానా వారు మా సంఘ సభ్యులు’ అని ఒక్క వాక్యం రాసి ముద్ర వేసి ఇస్తారు. బాప్తిస్మం ఎప్పుడు, ఎక్కడ, ఏ నామమున జరిగిందో అందులో ఉండదు. సర్టిఫికెట్లో కనీసం ఇవి ఉండాలి: పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, ఊరు, ఇచ్చినవారి పేరు, చిలకరింపా ముంచుడా, పలికిన నామం, రిజిస్టరు వరుస సంఖ్య. పల్లె సంఘాల పాత పుస్తకాలు చెదలు పట్టి, వాన నీళ్లకు తడిసి పేజీలు అతుక్కుపోతున్నాయి. పుస్తకం పోతే, కళ్లారా చూసిన ఇద్దరు పెద్దల చేత వాంగ్మూలం రాయించి కొత్త రిజిస్టరులో ఎక్కించాలి. ఉన్న పుస్తకాలను ఫోనులో పేజీ పేజీ ఫొటో తీయడానికి ఒక యువకుడికి ఒక్క శనివారం చాలు.

రెండు గుళ్లలో ఒక పెళ్లి

వేరు వేరు సంఘాల పెళ్లిలో ఏం తప్పుతుందో అందరికీ తెలుసు, ఎందుకు తప్పుతుందో చెప్పుకోరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్పు అభిషేకం పొందిన గురువులు తమ సంఘ నియమాల మేరకు పెళ్లి చేయవచ్చు. మిగతా పాస్టర్లకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. లైసెన్సు లేని పాస్టరు చేసిన పెళ్లికి ఫొటోలు మిగులుతాయి గానీ సర్టిఫికెట్ నిలబడదు. పెళ్లి మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. లైట్లు బాగా పడతాయని రాత్రి ఎనిమిదికి ప్రమాణాలు చేయించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండు వైపులా పరువు నిలబెట్టాలని పొద్దున ఒక గుడిలో, సాయంత్రం ఇంకో మందిరంలో ప్రమాణాలు చేయిస్తారు. రెండు రిజిస్టర్లలో సంతకాలు, ఒక్కోసారి రెండు తేదీలు. ఆనక వీసాకు వెళితే ఏది నిజమని అడుగుతారు. కతోలిక నియమం అయితే ఒకే పెళ్లికి రెండోసారి మతపరంగా ప్రమాణాలు చేయించడాన్ని నేరుగా నిషేధిస్తుంది. చేయవలసింది కష్టమేమీ కాదు. మూడు నెలల ముందే ఇద్దరు పాస్టర్లూ కూర్చోవాలి. పెళ్లి ప్రకటనలు రెండు సంఘాల్లోనూ చదవాలి. ప్రమాణాలు చేయించి సంతకాలు పెట్టించేది ఒక్కరే. రెండో ఆయన వాక్యం చెప్పవచ్చు, ప్రార్థన చేయవచ్చు.

కతోలికులతో సంబంధమైతే ఇంకొంత ముందుగా కదలాలి. అవతలివారు కతోలికులుగా మారాలన్నది అపోహ. కావలసింది బిషప్పుగారి అనుమతి. పిల్లలను కతోలిక విశ్వాసంలో పెంచడానికి తనవల్లనైనంత చేస్తానని కతోలిక పక్షం మాట ఇవ్వాలి, ఆ సంగతి రెండో పక్షానికి ముందే తెలియజేయాలి. సిఎస్ఐ గుడిలో పెళ్లి చేసుకోవాలంటే దానికి విడిగా మినహాయింపు తీసుకోవాలి, లేకపోతే వాళ్ల దృష్టిలో ఆ పెళ్లి చెల్లదు. పిల్లల సంగతి పెళ్లికి ముందు మాట్లాడుకోనివాళ్లు మొదటి బిడ్డ పుట్టినప్పుడు రెండు కుటుంబాలనూ పంచాయితీలో కూర్చోబెడతారు.

కులం మాట

ఇంతా రాసి ఈ సంగతి వదిలేస్తే అబద్ధం రాసినట్టే. మాల కుటుంబం ఒకటి సిఎస్ఐ అయితే, ఇంకో మాల కుటుంబం బాప్టిస్టు అయితే, పెళ్లికి సిద్ధాంతం పెద్దగా అడ్డురాదు. ఎవరో ఒకరు సర్దుకుంటారు. ఒకే సిఎస్ఐ గుడిలో పక్కపక్క బెంచీల్లో కూర్చునే మాల, మాదిగ కుటుంబాల మధ్య సంబంధం మాత్రం అరుదు. రెడ్డి కతోలికుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత మిషన్లు ఎక్కడికక్కడ ఒక కులంలో పని చేయడం వల్ల కొన్నిచోట్ల డినామినేషన్ పేరే కులానికి మారుపేరయింది. సిద్ధాంతాల మీద ఎంత ఒప్పందం కుదిరినా ఈ గోడకు సున్నం కూడా రాలదు.

నా ప్రతిపాదన మీద నాకున్న పెద్ద అనుమానం కూడా ఇక్కడే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవంలోకి వచ్చిన దళితులు ఎస్సీలుగా చెల్లరు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి. అందువల్ల బాప్తిస్మం రిజిస్టరులో పేరు ఎక్కాలంటేనే బెదిరే కుటుంబాలు ఉన్నాయి. రిజిస్టరు పక్కాగా ఉండాలని మనం పట్టుబట్టేకొద్దీ, వాళ్లు ఏ కాగితమూ అడగని మందిరాలకు వెళతారు. స్వతంత్ర సంఘాలు పెరగడానికి ఇదొక కారణమని పెద్దగా ఎవరూ మాట్లాడరు. అలాంటిచోట సర్టిఫికెట్ కోసం నొక్కకుండా, పాస్టరు పాస్టరుతో నేరుగా మాట్లాడి నమ్మడం మేలు. హెబ్రోను సహవాసాల్లో ఒక ఊరి సంఘం ఇంకో ఊరి సంఘానికి పరిచయ పత్రిక రాసి పంపుతుంది. ఆ పద్ధతి మిగతావాళ్లూ తీసుకోవచ్చు.

సమాధుల తోట

పల్లెల్లో అన్నిటికన్నా చేదు గొడవలు ఇక్కడే. ఊరికి ఒక్కటే సమాధుల తోట, అది పాత మిషన్ సంఘానిది. పదేళ్ల కిందట పెంతెకొస్తుకు వెళ్లిన కుటుంబంలో ఎవరైనా చనిపోతే, ‘ఇన్నేళ్లు చందా కట్టలేదు, చోటు లేదు’ అంటారు. శవం ఇంటి ముందు ఉండగా బాకీ లెక్కలు తీస్తారు. దీనికి ముందే చేసుకోవలసిన ఒప్పందం చిన్నది: ఊరి క్రైస్తవులందరికీ చోటు, కంచెకు, ముళ్లచెట్లు కొట్టించడానికి ఇంటికింత అని అన్ని సంఘాల నుంచీ ఏటా ఒకసారి వసూలు, ఎవరి సభ్యుడికి వాళ్ల పాస్టరే ఆరాధన జరిపిస్తాడు, సమాధి వరుస, సంఖ్య ఒకే పుస్తకంలో రాస్తారు. ఇది చావు లేని రోజున రాసుకోవాలి. చావు రోజున ఎవరూ రాయలేరు.

కలిసి ప్రార్థించడం

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) సంగతి నేను కావాలనే వెనక్కి పెట్టాను. సిఎస్ఐ ఇతర సంఘాల సభ్యులను బల్లకు రానిస్తుంది, కతోలికులు సాధారణంగా ఇవ్వరు, రొట్టె విరిచే సహవాసాల్లో ఎవరో తెలియకపోతే అడుగుతారు. దాన్ని ఇప్పుడే కదిలిస్తే పుండు రేగుతుంది. పైన చెప్పిన మూడూ పదేళ్లు సాగాక మాట్లాడుకోవచ్చు.

ప్రార్థన మాత్రం కలిసి చేయవచ్చు. ఏటా జనవరి 18 నుంచి 25 వరకు చాలా దేశాల్లో క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థన వారం జరుపుకుంటారు. మన టౌన్లలో డిసెంబరుకు ఉన్న హంగామాలో పదో వంతు కూడా దానికి లేదు, అందుకే అది పనికొస్తుంది. ఎమ్మెల్యే రాడు. ఆదివారం పెట్టకూడదు, ఏ పాస్టరూ తన ఆరాధన మానుకోడు. బుధ, గురువారాలు నయం. పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి తీసుకుంటే సిఎస్ఐ, బాప్టిస్టు, లూథరను పెద్దలంతా పుస్తకం లేకుండా పాడతారు. కొత్త సంఘాల పిల్లలకు, కతోలికులకు మాత్రం కాగితం ఇవ్వాలి. ప్రభువు ప్రార్థన కతోలికుల పాఠం వేరు, చివరి వాక్యం దగ్గర వాళ్లు ఆగిపోతారు, మిగతావాళ్లు సాగిపోతారు. అందుకే ఒక పాఠం ఎంచుకుని ముందే అచ్చు వేయించాలి. కానుక ఎవరి ఖాతాకు అన్న తగాదా రాకుండా, ప్రభుత్వ ఆసుపత్రి రోగుల భోజనానికో మరోదానికో అని ముందే ప్రకటించి, లెక్క ఆ రాత్రే అందరి ముందు చదవాలి. ప్రసంగానికి ఇరవై నిమిషాలు, అదీ ఒక్కరికే. ఏడుగురికి మైకు ఇస్తే అది మళ్లీ ఐక్య క్రిస్మస్ అవుతుంది.

ఇక మిగిలేది, యేసు నామమున మాత్రమే బాప్తిస్మం ఇచ్చే సంఘాల సంగతి. త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) ఒప్పుకోని వాళ్ల సర్టిఫికెట్ కతోలికులకూ, పాత మిషన్ సంఘాలకూ చెల్లదు, చెల్లుతుందని నటించడమూ తప్పే. వాళ్లతో రిజిస్టరు కలవదు. సమాధుల తోటలో చోటుకు, ఆసుపత్రి భోజనానికి మాత్రం ఆ నామం అడగనక్కర్లేదు.